బతికున్నవాడి పేరున బియ్యం

గవర్నర్ వాగ్లే చనిపోయి ఎనిమిదేళ్లయింది. అయినా ఆ ఉదయం పంజాగుట్టలో ఆయన ఉత్తరం రాస్తున్నాడు.

రాస్తున్న చెయ్యి రాఘవయ్యది. అక్షరాలు మాత్రం వాగ్లేవే. హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్లూ పట్టుబట్టి తెలుగు నేర్చుకున్న మరాఠీ మనిషి ఆయన. గుండ్రంగా రాసేవాడు, ఒత్తుల దగ్గర తడబడేవాడు. ఆ తడబాటును కూడా రాఘవయ్య పొల్లుపోకుండా దించుతున్నాడు. ఇంకు కూడా అదే ఆకుపచ్చ ఇంకు. తలుపు తోసుకుని లోపలికొచ్చిన కేదార్ ఆ కాగితం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

బయట బోర్డు మీద 'గ్లోబల్ డ్రీమ్స్ వీసా కన్సల్టెన్సీ' అని ఉంటుంది. లోపల ఉన్నది దేశపు గూఢచారి విభాగంలో ఒక చిన్న సెల్. ఈ కవర్ ఎంత బాగా కుదిరిందంటే, మార్కుల మెమోలు పట్టుకుని కుర్రాళ్లు పొద్దున్నే మెట్ల మీద క్యూ కడతారు. కొందరికి నిజంగానే వీసాలొచ్చేశాయి, స్వీట్లు కూడా తెచ్చిచ్చారు. కేదార్ మెడలో 'సీనియర్ కౌన్సెలర్' బ్యాడ్జి, కోటు లోపల నైన్ ఎమ్మెమ్ పిస్టల్.

"కూర్చో," అన్నాడు చీఫ్ రాఘవయ్య పెన్ను మూసి. "వాగ్లే గారెవరో తెలుసుగా?"

"మాజీ గవర్నర్. అంతకుముందు మన చీఫ్. మీ గురువు గారు."

"ఆయన పేపర్లు లీకయ్యాయి."

కేదార్ నవ్వబోయి ఆగాడు. మాజీ గవర్నర్ల ఉత్తరాలు, డైరీలు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పైవాళ్లకు పుట్టిన ముచ్చట అతనికి తెలుసు. అమీర్‌పేటలో త్రినేత్ర స్కానింగ్ సిస్టమ్స్ అనే కంపెనీకి కాంట్రాక్టిచ్చారు. రాజ్‌భవన్ గులాబీ మొక్కల గురించి, రాని మామిడిపళ్ల బుట్టల గురించి చచ్చిపోయిన పెద్దమనుషులు రాసుకున్న ఉత్తరాలవి. వాటి కోసం ఏ గూఢచారి వస్తాడు?

"సీడీ కాపీ అవతలి దేశం వాళ్ల చేతికి వెళ్లింది. ఇచ్చింది మన రాగసుధ."

"ఏంటి సార్! ఆవిడ మన మనిషి కదా?"

"మన మనిషే. వాళ్ల మనిషినని వాళ్లని నమ్మిస్తోంది. ఆ నమ్మకం నిలబడాలంటే ఏదో ఒకటి పెట్టాలిగా. పాత గవర్నర్ల చెత్తే కదా, ఇచ్చేయమ్మా అని నేనే అన్నాను." రాఘవయ్య కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. "వాగ్లే గారు కార్బన్ పెట్టకుండా మంచినీళ్లు కూడా అడిగేవారు కాదని మర్చిపోయాను. రహస్య ఉత్తరాలకి కూడా కాపీలు పెట్టుకున్నారు మహానుభావుడు. అవన్నీ ఆ పెట్టెల్లోనే ఉన్నాయి."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు వాగ్లే ఒక దర్జీని అవతలి దేశానికి పంపాడు. పేరు మార్కండేయ. కోడ్‌నేమ్ 'బొత్తం'. మస్కట్ వెళ్లే ఓడ మునిగి చనిపోయాడని ఇక్కడ పుకారు పుట్టించారు. అతనక్కడ మరో పేరుతో, కంటోన్మెంటులో యూనిఫారాలు కుడుతూ ముప్ఫై ఏళ్లుగా కబుర్లు పంపుతున్నాడు. కొలతలు తీసుకునేవాడికి తెలియని సైనికుడుంటాడా?

"ఇప్పుడు అతన్ని వెనక్కి రప్పిస్తున్నాం. కంటోన్మెంటు గేటు దాటాలి, సరిహద్దు దాటాలి. తమలో ఒకడు మన మనిషని వాళ్లకి అనుమానం. ఎవరో తెలీదు. ఇక్కడ అతని భార్య ఉంది. ఆమె ఎవరో తెలిస్తే పెళ్లి ఫొటో దొరుకుతుంది. ఫొటో దొరికితే గేటు దగ్గరే అతని పని అయిపోతుంది."

"ఆమెను ఎక్కడికైనా తరలిస్తే?"

"ఆమె కదిలితే అడ్రస్ మనమే ఇచ్చినట్టు. ముందు రాగసుధను కలువు. వాళ్ల ప్లానేంటో కనుక్కో."

కేదార్ లేస్తూ ఆకుపచ్చ ఇంకు వైపు చూశాడు. "మరి ఇదెవరికి సార్?"

"ఆమెకే. వాగ్లే గారు బతికున్నంతకాలం ఏటా ఒకటి రాశారు. ఆయన పోయారంటే ఆమె ధైర్యం చెదిరిపోతుందని, ఎనిమిదేళ్లుగా నేను రాస్తున్నాను." రాఘవయ్య గొంతు తగ్గింది. "రాస్తున్నప్పుడు ఒక్కోసారి వెనక నిలబడి తప్పులు చూస్తున్నట్టుంటారు, కేదార్. తిరిగి చూడాలంటే భయం."

* * *

"ఒరాకిల్ కొత్త బ్యాచ్ ఎప్పుడండీ?" అన్నాడు కేదార్, అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి. అది కోడ్.

"సీట్లు అయిపోయినయన్నా. జావాల చేరు," అన్నాడు పాంప్లెట్లు పంచే కుర్రాడు. అదీ కోడే. కానీ వాడు గూఢచారి కాడు, నిజంగా పాంప్లెట్లు పంచేవాడే. పక్కనే ఇంకొకడు అదే మాట అన్నాడు. వాడి వెనక ఇంకొకడు. కేదార్ చేతిలో నిమిషంలో పుస్తకమంత పాంప్లెట్లు పోగయ్యాయి. ఈ కోడ్ పెట్టిన మహానుభావుడు అమీర్‌పేటలో ఒక్కరోజు కూడా అడుగుపెట్టి ఉండడు.

"సీట్లు అయిపోయాయి. జావా చేరండి, డిస్కౌంటిస్తాను," అంది వెనక నుంచి ఒక గొంతు, చల్లగా.

రాగసుధ. నల్లకళ్లద్దాలు, పొగరంగు చీర, నడిస్తే రెండు బస్సుల డ్రైవర్లు బ్రేకు తొక్కే మనిషి. పైకి స్పోకెన్ ఇంగ్లీష్ సంస్థకు డైరెక్టర్. ఆమె ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని కేదార్‌కు ఎప్పుడూ అనుమానమే. ఆమె అతన్ని త్రినేత్ర వాళ్ల స్కానింగ్ గదికి తీసుకెళ్లింది. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. కింది అంతస్తులో ఎవరో మైకులో జావా పాఠం చెబుతున్నారు. పైన మానిటర్ మీద పచ్చబడిన కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయి. అన్నీ పోయినవాళ్ల సంతకాలే. ఇంత మంది చచ్చినవాళ్లు ఇంత వెలుగులో కూర్చుని ఉండటం కేదార్‌కు నచ్చలేదు.

"ఇదీ వాగ్లే ఫైలు," అందామె.

కార్బన్ నీలంలో నాలుగు మాటలు.

'చెల్లెమ్మా, ఎల్లమ్మ కల్యాణం చూశావని తెలిసి సంతోషం. నువ్వు అడిగినదానికి జవాబు: వద్దు. ఈ పెత్రమాసకు కూడా ఆయన పేరున బియ్యం ఇవ్వవద్దు. నీ అన్న.'

తర్వాతి ఏడాదిదీ అంతే. ఆ తర్వాతదీ అంతే. పేరు లేదు, అడ్రస్ లేదు. ఏటా ఒక ఆడమనిషి అడుగుతోంది, ఈసారైనా ఇవ్వాలా అని. ఏటా ఒక అన్న వద్దంటున్నాడు. బతికే ఉన్నాడని అంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

"పెత్రమాస అంటే రేపేగా?" అన్నాడు కేదార్. భాద్రపద అమావాస్య. తెలంగాణలో పోయిన పెద్దలందరి పేర్లూ చెప్పి పంతులు గారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు.

"రేపే. అవతలి వాళ్ల మనిషి ఒకడొచ్చాడు. పేరు ఆచార్య. ఈ ఉత్తరాలు చదివి గంటలో తేల్చేశాడు. ఎల్లమ్మ కల్యాణం అంటే బల్కంపేట. మొగుడు పోయాడని ఊరంతా అనుకునే ఆడది, బియ్యం ఇచ్చేటప్పుడు అందరి పేర్లూ చెప్పి అతని పేరు మాత్రం వదిలేస్తుంది. ఆమే మనక్కావలసిన మనిషి అన్నాడు. బల్కంపేట సంఘం హాల్లో ఏటా బియ్యం పట్టే పంతులు గారిని ఎవరో పుణ్యాత్ముడు ఫ్రీగా గయకి పంపించాడు. రేపు ఆ పీట మీద కూర్చునేది ఆచార్య. పక్కన బియ్యం మూటలు సర్దే కూతుర్ని నేను."

"నువ్వెవరి వైపు, రాగసుధా?"

"రేపు చూడు," అందామె. అద్దాల వెనక కళ్లు కనబడలేదు.

కేదార్ ఫోన్‌లో అంతా చెప్పాడు. అవతల రాఘవయ్య కాగితం చింపిన చప్పుడు వినబడింది.

"ఈసారి ఉత్తరం లేదు. నువ్వే వెళ్లు. ఆమె చేత బియ్యం ఇప్పించు."

* * *

గుడి వెనక సందులో కుట్టుమిషన్ మోగుతోంది. కమలవ్వకు యాభై దాటాయి. బోసి నుదురు, బోసి చేతులు. ఓటరు కార్డుల తనిఖీ ఆఫీసరు వేషంలో వచ్చిన కేదార్, "అన్న పంపారమ్మా," అనగానే ఆమె తలుపేసి గొళ్లెం పెట్టింది. రవికలోంచి పుస్తెలతాడు పైకి తీసి చీర మీద వేసుకుంది.

"ఇంట్ల గిట్లుంట. బయటికి పోతే గట్లుంట," అంది. "కూసో బిడ్డ. ఉత్తరమేది?"

ఆ ఇంట్లో ఒక మనిషి లేడు. అయినా ఎటు చూసినా ఆ మనిషే. కొక్కేనికి కొత్త చొక్కా వేలాడుతోంది, గుండీలు ఇంకా కుట్టలేదు. తెరిచి ఉన్న ట్రంకు పెట్టె నిండా మడతపెట్టిన మగవాళ్ల చొక్కాలు, ఒక్కటీ తొడిగినట్టు లేదు.

"ఏడాదికొక్కటి కుడత," అంది కమలవ్వ అతని చూపు పసిగట్టి. "నడుము కాడ జర జర పెంచుతున్న. మనిషి ముసలోడైతుండు గదా."

కేదార్ ఆ పెట్టె మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఈసారి ఉత్తరం లేదమ్మా. నోటితోనే చెప్పాలి."

ఆమె కొక్కేనికున్న చొక్కా వైపు చూసింది. "పోయిండా?"

"లేదు లేదు. బతికే ఉన్నారు. తిరిగొస్తున్నారు. రావాలంటే... రేపు మీరు ఆయన పేరున బియ్యం ఇవ్వాలి."

అంతా విన్నాక కమలవ్వ మిషన్ మీద చెయ్యి వేసి లేచింది. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీకు తల్లి ఉన్నదా కొడుకా? బతికున్నోనికి బియ్యమియ్యమని ఏ తల్లికన్న చెప్తవా? ముప్ఫై ఏండ్ల సంది గల్లీ గల్లంత ముండమోపి అంటే ఇన్న. పేరంటాలకు పిల్వకుంటే నోర్మూసుకున్న. ఏడాదికి గా ఒక్క దినం, పంతులు ముంగట అందరి పేర్లు చెప్పి ఆయన పేరు చెప్పకుంట లేచొస్త చూడు, గా ఒక్క దినం నేను ముత్తయిదువను. గది సుత గుంజుకుంటవా?"

"గుంజుకోను. మీరు రాకపోయినా, పేరు వదిలేసినా ఆయన్ని గేటు దగ్గర పట్టుకుంటారు, అంతే చెప్పగలను."

ఆమె మళ్లీ కూర్చుంది. "ఇంకో ముచ్చట. ఆయన పేరు నేను ఎన్నడు నోటితోని అనలే. పెండ్లినాడు గడప కాడ ఆపి పేరు చెప్పుమంటే సుత నవ్వి తప్పించుకున్న. మొదటిసారి అనుడు గిట్లనా?"

"తడబడకూడదమ్మా. మొగుడు పోయి ముప్ఫై ఏళ్లయిన మనిషి ఆయన పేరు చెప్పడానికి ఇప్పుడు తడబడదు. వాడు కనిపెట్టేస్తాడు."

కమలవ్వ పుస్తెలతాడు మళ్లీ రవికలో వేసుకుంది. ఇస్తాననలేదు. ఇవ్వననలేదు.

* * *

సంఘం హాల్లో స్టీలు పళ్లేలు, గుమ్మడి ముక్కలు, చింతపండు, బియ్యం రాశులు. పీట మీద ఆచార్య. పట్టుపంచె, విభూతి, కంచు గొంతు. మంత్రాల్లో ఒక్క పొల్లు పోలేదు. అవతలి దేశం అతని మీద ఎన్నేళ్లు ఖర్చుపెట్టిందో! పక్కన నేత చీరలో, కళ్లద్దాలు లేకుండా రాగసుధ మూటలు కడుతోంది. వరసలో చివర కేదార్, పంచె కట్టుకుని, తండ్రి పేరున ఇవ్వడానికి వచ్చినట్టు. చొక్కా గుండీలో కెమెరా, చెవిలో రాఘవయ్య.

"గీ పంతులేందే?" అంటోంది ముందున్న మంగవ్వ. "గోత్రం చెప్తే సగమే ఇంటుండు. మొగని పేరు కాడికొస్తే మాత్రం చెవులు రిక్కిస్తుండు."

"మనల్ల ఎవలనన్న చేస్కుందామని చూస్తుండేమోనే!" అంది రాజమ్మ. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కేదార్‌కు నవ్వు రాలేదు. ఆచార్య చదువుకున్న పుస్తకాల్లో గోత్రం ఉంది, మంత్రం ఉంది, ఈ ఆడవాళ్ల నాలుక ఒక్కటే లేదు. ఇక్కడికిక్కడే పట్టుకోవచ్చు. పట్టుకుంటే మాత్రం అవతల గేట్లన్నీ మూసుకుంటాయి. ఆచార్యే తన వాళ్లకి, 'అలాంటి ఆడది ఇక్కడ ఎవరూ లేదు' అని తన నోటితో చెప్పాలి. అదీ ప్లాను.

కమలవ్వ వచ్చి పళ్లెం ముందు కూర్చుంది. మామ పేరు చెప్పింది. అత్త పేరు చెప్పింది. తల్లిదండ్రుల పేర్లు చెప్పింది. ఆచార్య నువ్వులు, నీళ్లు వదిలాడు.

"పెనిమిటి పేరు తల్లీ?"

కమలవ్వ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"ఉన్నాడా తల్లీ?" అన్నాడు ఆచార్య, ఎంతో దయగా. కళ్లు మాత్రం ఆమె మెడ మీద ఉన్నాయి. వంగినప్పుడు రవిక అంచున పసుపుతాడు సన్నగా బయటికొచ్చింది. కేదార్‌కు కూడా కనిపించింది.

ఠంగున చెంబు దొర్లింది. నీళ్లన్నీ కమలవ్వ భుజం మీద. "అయ్యో అయ్యో, తప్పయిపోయింది పెద్దమ్మా," అంటూ రాగసుధ కొంగుతో తుడుస్తూ, తుడుస్తూ, ఆమె చీరను మెడ చుట్టూ నిండుగా కప్పేసింది. ఆచార్య కసిరాడు. రాగసుధ తల వంచుకుంది. వంచుకునే ముందు కేదార్ వైపు ఒక్క చూపు చూసింది.

"మార్కండేయ," అంది కమలవ్వ.

గట్టిగా అంది. హాలంతా వినబడేట్టు అంది. తడబడలేదు. "ఓడ మునిగి పోయిండు. గంగల కలిసిండు. ఆయన పేరున గీ బియ్యం."

ఆచార్య ముఖంలో ఆసక్తి దీపంలా ఆరిపోయింది. నీళ్లు వదిలి, చెయ్యి చాపి పక్క పళ్లెం అందుకోబోయాడు.

"జర ఆగున్రి. ఇంకొకలున్నరు. మా అన్న."

ఆచార్య చెయ్యి గాల్లో నిలిచింది. 'నీ అన్న' అనే సంతకం అతనూ చదివాడు. "అన్నగారి పేరు?"

కమలవ్వ కళ్లు మూసుకుంది. కేదార్ కుడిచెయ్యి పంచె మడతలోని పిస్టల్ మీదికి పోయింది. ఇంత వరకూ వచ్చి ఇదేంటి తల్లీ అనుకున్నాడు.

"సాయిలు," అందామె కళ్లు తెరిచి. "మేకలు కాసెటోడు. కల్లు తాగి తాగి పోయిండు. మంచోడే పాపం."

మంగవ్వ కిసుక్కుమంది. ఆచార్య నీళ్లు వదిలి, "తరవాత," అన్నాడు.

* * *

మధ్యాహ్నం ఆచార్య చేసిన ఫోన్‌ను రాఘవయ్య విన్నాడు. "సీడీ చెత్త. అందరూ ఇచ్చారు. వాడు బతికుంటే ఏ తెలుగు ఆడదీ ఆ పని చెయ్యదు. ఫైలు మూసెయ్యండి." ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమే. కమలవ్వ ఏం చేసిందో అతని ఊహకు అందలేదంతే.

ఆ సాయంత్రం బల్కంపేట వీధుల్లో ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. తంగేడు పూలు, చప్పట్లు, పాటలు. గుడి వెనక సందులో మాత్రం కుట్టుమిషన్ మోగలేదు. కేదార్ ఆ తలుపు దాకా వెళ్లి, తట్టే ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాడు. ఆ రాత్రీ, ఆ తర్వాతా, కళ్లు మూస్తే చాలు ఆ గొంతే. గంగల కలిసిండు. ఒకవేళ ఆ మాట నిజమైతే?

బతుకమ్మ పండగ నడుస్తుండగానే సందేశం వచ్చింది. 'బొత్తం కుట్టాం.' మార్కండేయ సరిహద్దు దాటాడు. ఆచార్యను బేగంపేట ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. పట్టించింది రాగసుధ. ఆమె అదే రోజు స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు దింపేసి, ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్లిపోయింది.

సద్దుల బతుకమ్మ నాడు రాఘవయ్య, కేదార్ కలిసి ఆ ఇంటికి వెళ్లారు.

మంచం మీద ఎముకల గూడులాంటి ముసలాయన. కేదార్ నమస్కారం పెట్టి పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. రాఘవయ్య పిలిచాడు. గోడకేసి చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లు వేరే పేరుకు పలికిన మనిషి, సొంత పేరును ఎక్కడో పారేసుకున్నాడు. ఎవరిని రప్పించాం, ఎవరొచ్చారు అనుకున్నాడు కేదార్.

"మార్కండేయా!" అంది కమలవ్వ వంటింట్లోంచి.

ముసలాయన తల తిప్పాడు. కళ్లలోకి మనిషి వచ్చాడు.

"నేను పిలిస్తేనే పలుకుతుండు," అందామె బయటికొస్తూ. నుదుట రూపాయంత కుంకుమ, పుస్తెలు చీర మీద. "ఒక్కసారి నోరు దాటింది గదా, ఇగ ఆగుతలేదు. చూడున్రి, ఏ అంగి తొడిగినా లూజే. నేనేమో నడుము పెంచుకుంట పోయిన, గీయనేమో తగ్గుకుంట పోయిండు."

రాఘవయ్య ఎనిమిదేళ్ల అబద్ధాన్ని ఇప్పుడైనా దించుకోవాలనుకున్నాడు. "అమ్మా, వాగ్లే గారి గురించి ఒక మాట..."

"ఆ దొర పోయిండని నాకెప్పుడో ఎరుక," అంది కమలవ్వ. "పేపర్ల ఫొటో పడ్డది గదా. ఆ ఏడు సుత ఉత్తరమొచ్చింది. అన్న పోయినంక సుత నా ఫికర్ చేస్తున్నడనుకున్న. తర్వాత ఎరుకైంది, ఒత్తులు ఆయన కన్న జర సక్కగ రాస్తున్నరు ఎవరో. ఎనిమిదేండ్ల సంది ఆ అన్న పేరు మీద బియ్యం ఇస్తున్న. మొన్న సుత ఆయన పేరే నాలిక మీదికొచ్చింది. గా దొంగ పంతులు మొఖం చూసి సాయిలుని చేసిన."

రాఘవయ్య కళ్లజోడు తీశాడు. ఎనిమిదేళ్లుగా తన వెనక నిలబడిన మనిషికి ఇక్కడ ఎవరో ఏటా నీళ్లు వదులుతున్నారు. ఆయన ఏడ్చాడు. కేదార్ మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

"ఏడ్సుడు తర్వాత," అంది కమలవ్వ. "గా పంతులు కాడికెల్లి నా బియ్యం వాపస్ తెప్పియ్యి. గీయన పేరున ఇచ్చింది మాత్రమే. అన్న వాటా మాత్రం మన పంతులు గయకెల్లి వచ్చినంక నేనే ఇచ్చుకుంట. గీయన వాటా వండి గీయనకే పెడ్త. అంగీలు నిండాలె గదా."

మర్నాడు పంజాగుట్టలో, ఆచార్య గదిలో పట్టుకున్న బియ్యం మూటల్లోంచి ఒకటి విడిగా తీసి, రాఘవయ్య ఫైలు మీద సొంత చేతిరాతతో, ఒత్తులన్నీ సరిగ్గా పెట్టి, నోట్ రాశాడు.

'ఎగ్జిబిట్: బియ్యం. ఎవరి పేరున ఇచ్చారో ఆయన ఆకలితో ఉన్నందున వాపసు.'